జ్వరం ముక్క

నా పెళ్లికి మా ఆఫీసు నుంచి వచ్చిన బహుమతి ఆరు బత్తాయిలు, ఒక గ్లూకోజు డబ్బా.

పాతికేళ్ల కిందటి మాట ఇది. బెంగాల్లో ఖిదిర్‌పూర్ ఓడల డాకులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చి ఏడాది నిండలేదు. పలాస దగ్గర పిల్లను చూశారు, ముహూర్తం పెట్టేశారు, పది రోజులు సెలవు కావాలి. సెలవంటే దరఖాస్తు. దరఖాస్తంటే గురువులు బాబాయ్. మా పోర్టు క్వార్టర్లలో పెరిగినవాళ్లెవరికీ ఇందులో రెండో దారి తెలియదు. బాబాయ్ ఇంగ్లీషులో టైపు కొట్టి ఇచ్చాడు. నేను చదవకుండానే సంతకం పెట్టి, మా సెక్షన్ పెద్ద పాల్ బాబు బల్ల మీద ఉంచి, ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదితో రైలెక్కేశాను.

పాల్ బాబు మనసు వెన్న. ఓపిక మాత్రం తక్కువ. దరఖాస్తు సగం దాకా చదివి ఆపేశాడు. ఆ సగంలో, నేను నాలుగు రోజులుగా విపరీతమైన జ్వరంతో మంచం పట్టి లేవలేకుండా ఉన్నానని ఉంది. పెళ్లి సంగతి రెండో సగంలో, అదీ చివరన, ఒకటిన్నర పంక్తిలో ఉంది. కొత్త కుర్రాడికి ఇంత జబ్బు చేసిందా అని, ఆదివారం పూట పళ్లు, గ్లూకోజు డబ్బా కొనుక్కుని పాపం ఆయన మా క్వార్టర్‌కి వచ్చాడు. తలుపుకి తాళం. పక్కింటి దుర్గాంబ బయటికొచ్చింది. ఆవిడ కవిటి నుంచి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు, బెంగాలీ ఒక్క మాట రాదు. "పెళ్లి బాబూ, పెళ్లి!" అని గట్టిగా చెప్పింది. ఆయనకు అర్థం కాలేదని గ్రహించి, రెండు చేతులూ మెడ చుట్టూ తిప్పి, వెనకాల మూడు ముళ్లు వేసి చూపించింది. పాల్ బాబు ముఖం పాలిపోయింది. జ్వరం గొంతుకి దిగి మెడంతా వాచిపోయిందని, నన్ను ఆస్పత్రికి మోసుకుపోయారని ఆయనకు బోధపడింది. అవి ఆవిడ చేతిలో పెట్టి, పైకి చూసి ఒక దండం పెట్టి వెళ్లిపోయాడట.

పది రోజుల తర్వాత చేతికి కంకణంతో నేను ఆఫీసులో అడుగు పెడితే, ఏదో యముడి దగ్గర్నుంచి తిరిగొచ్చినవాణ్ణి చూసినట్టు అందరూ లేచి నిలబడ్డారు. సంగతి తెలిశాక మళ్లీ కుర్చీలో కూర్చోలేక దొర్లారు. ఆనాటి నుంచి మా ఆఫీసులో మా ఆవిడ సువర్ణకి సొంత పేరు లేకుండా పోయింది. బెంగాలీలో వదినని బౌదీ అంటారు. మా ఆవిడ 'జ్వర్ బౌదీ'.

ఇంత పని చేసిన గురువులు బాబాయ్ మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. అసలాయన మీద కోపం తెచ్చుకున్న మనిషి ఖిదిర్‌పూర్ తెలుగువాళ్లలో ఒక్కరూ లేరు. ఆయన డాకులో, ఓడల్లో ఎక్కే దిగే సరుకు లెక్క రాసే టాలీ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు కలాలు. ఒకటి రాసేది, రెండోది గౌరవానికి. క్వార్టర్ల గేటు ఎదురుగా టీ కొట్టు రేకు కింద ఆయన బల్ల, బల్ల మీద టైపు మిషను. రేషను కార్డు, కుళాయి, పిల్లల బడి, అమ్మవారి ఉత్సవానికి పందిరి వేసుకునే అనుమతి, ఏం కావాలన్నా ఆ బల్ల దగ్గరికే. పైసా తీసుకోడు. ఒక తమలపాకు చిలక ఇస్తే బుగ్గన పెట్టుకుని, వేళ్లు విరుచుకుని, మొదలుపెడతాడు.

బాబాయ్ దరఖాస్తు ఎవరిదైనా నాలుగు ముక్కలుగా ఉంటుంది. మొదటిది అడుక్కునే ముక్క. 'మహా గౌరవంతో, చేతులు జోడించి, తమరి దయగల దృష్టికి ఈ కింది నాలుగు పంక్తులు సమర్పించుకుంటూ అడుక్కోవడమేమనగా' అని ఆ ఇంగ్లీషుకి స్థూలంగా అర్థం. ఆ నాలుగు పంక్తులు నలభైకి తగ్గిందెప్పుడూ లేదు. రెండోది జ్వరం ముక్క. మూడోది పని ముక్క, ఒకటిన్నర పంక్తి, చివర 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్'. నాలుగోది దీవెన ముక్క, అందులో ఆఫీసరు పిల్లాపాపలతో సహా నూరేళ్లు వర్ధిల్లుతాడు.

ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందంటారా? బాబాయ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకి నిజంగానే జ్వరం వచ్చింది. అప్పటి హెడ్ గుమాస్తా జాలిపడి సెలవు దరఖాస్తు రాసిపెట్టాడు. మధ్యాహ్నానికల్లా సెలవు మంజూరు. ఆ కాయితం కార్బన్ కాపీని బాబాయ్ దాచుకున్నాడు. తర్వాత ఒక స్నేహితుడు రేషను కార్డు కావాలంటే, అదే కాయితం చూసి, మధ్యలో ఒకటిన్నర పంక్తి మార్చి కొట్టిచ్చాడు. కార్డు వచ్చింది. మూడో మనిషికి మాత్రం, లేని జ్వరం ఎందుకులే అని ఆ ముక్క తీసేశాడు. అది తిరిగొచ్చింది. అంతే, తర్వాత యాభై ఏళ్లలో ఆ ముక్కని తీసిన పాపాన పోలేదు.

"కుదిరిన పులుసులోంచి ఉప్పు తీసీమంటావేటిరా?" అనేవాడు నేనడిగితే.

ఆయన తీద్దామన్నా జనం ఒప్పుకునేవాళ్లు కాదు. "బాబాయ్, జ్వరం ముక్క ఏసినావా?" అని అడిగి మరీ సంతకం పెట్టేవాళ్లు. అడిగేవాడు కాస్త నీరసంగా కనబడితేనే ఆఫీసరు మనసు కరుగుతుందని మా క్వార్టర్ల నమ్మకం. ఇంతకీ పనులెలా అయ్యేవంటే, ఆ కాయితాలు ఎవరూ చదివేవాళ్లు కాదు. ఆఫీసుల్లో గుమాస్తాలందరికీ బాబాయ్ తెలుసు. దాదా అంటే బెంగాలీలో అన్న. "ఏం కావాలి దాదా?" అని నోటితో అడిగి, కాయితాన్ని ఫైల్లో పడేసి, పని చేసిపెట్టేవాళ్లు.

ఇలా సాఫీగా సాగిపోతున్న బాబాయ్ ఇంటికి రోజా కోడలిగా వచ్చింది.

రోజాది వరంగల్. న్యూ టౌన్‌లో ఒక కంపెనీలో పని. బాబాయ్ కొడుకు యోగేశ్‌దీ అక్కడే. ఇద్దరూ అక్కడే ఫ్లాటు తీసుకుని, శనివారాలు ఖిదిర్‌పూర్ వచ్చి ఆదివారం దాకా ఉంటారు. ఇంజినీర్లు రాసిన వంకరటింకర ఇంగ్లీషుని మామూలు మనుషులు చదువుకునేలా తిరగరాయడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందంటే మా వాళ్లెవరూ నమ్మలేదు. అత్తగారు నారాయణమ్మ పిన్ని అందరికీ తనకు అర్థమైన రీతిలో చెప్పుకొచ్చింది: "మా కోడలు ఇంగిలీసు ఉతుకుతాది."

మొన్న నవంబరు చివర ఒక శనివారం, ఇంట్లో పెట్టిన ఒక దరఖాస్తు రోజా కంటబడింది. చేతిలో పెన్సిలు ఉంది. ఉద్యోగం అలవాటు. పది మాటలు కొట్టేసి ఒకటి, పంక్తి కొట్టేసి రెండు మాటలు రాసుకుంటూ పోయి, జ్వరం దగ్గర ఒక ప్రశ్నార్థకం పెట్టింది. బాబాయ్ చూశాడు. రబ్బరు తెచ్చుకుని, కూర్చుని, గీతలన్నీ చెరిపేసి, ఉన్నదున్నట్టు టైపు కొట్టాడు. ఆపైన రెండు శనివారాలు, ఎదురుగా కూర్చున్న కోడలితో భార్య ద్వారానే మాట్లాడాడు.

"కూర ఇంకొంచెం కావాలేమో ఆ అమ్మాయిని అడుగు."

"మామయ్యకి చాలని చెప్పండి అత్తమ్మా."

"నానేటి టెలిఫోనా?" అని నారాయణమ్మ పిన్ని కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.

అంతలో అప్పలలక్ష్మి పని వచ్చిపడింది.

అప్పలలక్ష్మి మున్సిపాలిటీలో వీధులు ఊడ్చే ఉద్యోగి. పదిహేనేళ్ల సర్వీసు. డ్యూటీ జోకా వైపు వార్డులో. నాలుగున్నరకి బస్సు పట్టుకుంటే గానీ ఆరింటి హాజరు అందదు. భర్త హల్దియా రేవులో, నెలకోసారి వస్తాడు. వాళ్లమ్మాయి హైమకి డిసెంబరు మొదటి వారంలో భవానీపూర్‌లో ఒక మంచి బడిలో ఐదో తరగతి సీటు తగిలింది. పొద్దుటి బడి, ఆరున్నరకి గేటు మూస్తారు, జనవరి రెండున మొదలు. పిల్లని దింపడానికి తల్లి తప్ప ఎవరూ లేరు. తల్లేమో ఆ వేళకి ఊరి అవతలి కొసన చీపురు పట్టుకుని ఉంటుంది. డ్యూటీ భవానీపూర్ వార్డుకి మారితే, హాజరు వేయించుకుని, రెండు సందులు దాటి పిల్లని గేటులోకి పంపి, పనిలోకి దిగొచ్చు. మారకపోతే సీటు పోయినట్టే.

"బాబాయ్, ఈసారి జ్వరం ముక్క గట్టిగా ఎయ్యి," అంది అప్పలలక్ష్మి. "నాలుగు రోజులు సాల్దు. వారం సెయ్యి."

బాబాయ్ వారం చేశాడు. చలి కూడా కలిపాడు.

ఆ ఏడు ఊళ్లో డెంగీ. పైగా వార్డు ఆఫీసుకి కొత్తగా సామంత బాబు అని ఒక అధికారి వచ్చాడు. ఆయనకో అలవాటు ఉంది. కాయితాలు చదువుతాడు. వారం రోజులుగా చలిజ్వరమన్న మనిషి బదిలీ అడగడం చూసి, ఎక్కడుంటుందో కనుక్కుని, ఆ వీధి పాత ఫైలు తెప్పించి మొత్తం చదివాడు. తొమ్మిదేళ్లలో డెబ్బై మూడు దరఖాస్తులు. డెబ్బై మూడింటికీ జ్వరం. కుళాయి బాగుచేయమన్నవాళ్లకి జ్వరం, వీధి దీపం కావాలన్నవాళ్లకి జ్వరం. మా కుర్రాళ్లు ఫుట్‌బాల్ మ్యాచికి మైదానం అడిగిన దరఖాస్తులో పదకొండు సంతకాలు, పదకొండు మందికీ జ్వరం.

శనివారం పొద్దున్నే రెండు బళ్లు మా గేటులోకి వచ్చాయి. ఒకదాన్లోంచి దోమల పొగ మిషను దిగింది. రెండోదాన్లోంచి నర్సులు, సూదులు, సీసాలు, చివర్లో గొడుగు చంకన పెట్టుకుని సామంత బాబు దిగాడు. పావుగంటలో క్వార్టర్లు మేఘాల్లోకి పోయాయి. పొగలోంచి మనుషులు దగ్గుకుంటూ, పళ్లు తోముకుంటూ, దిట్టంగా, ఎర్రగా, ఆరోగ్యంగా ఒక్కొక్కరే బయటికొచ్చారు. నర్సులు థర్మామీటరు పెట్టిన ప్రతి నోరూ చల్లగానే ఉంది.

"జ్వరం ఎవరికి?" అని సామంత బాబు బెంగాలీలో అడిగాడు.

దుర్గాంబకి ఇప్పుడు ఎనభై. పాతికేళ్లలో బెంగాలీ దంచి నేర్చుకుంది. కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, "జ్వరం మనుషులకి కాదు బాబూ," అంది. "కాయితానికి."

బాబాయ్ అప్పటికే చొక్కా పొట్టిచెయ్యి ఇంకా పైకి మడిచి నర్సు ముందు నిలబడి ఉన్నాడు. ఎందుకు నిలబడ్డాడో నర్సుకీ తెలియదు. దుర్గాంబ మాట విని తల వంచుకుని, "తప్పు నాది సార్," అన్నాడు. యాభై ఏళ్ల సంగతి మూడు నిమిషాల్లో చెప్పేశాడు. మా అందరికీ నవ్వొస్తోంది, ఆయన్ని చూస్తే నవ్వడానికి మనసొప్పడం లేదు.

సామంత బాబు మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "దాదా, ఈ కాయితంలో ఆవిడకి ఏం కావాలో కనుక్కోవడానికి నేను రెండుసార్లు చదవాల్సి వచ్చింది," అన్నాడు. "జ్వరమని రాసి ఉంటే, వైద్య పరీక్ష కాకుండా నేను బదిలీ ఇవ్వలేను. బదిలీల జాబితా సోమవారం పదకొండింటికి పైకి వెళ్లిపోతుంది. ఆలోపల ఏం కావాలో, ఎందుకు కావాలో చెప్పే కాయితం ఒకటి ఇవ్వండి. ఇంకేమీ వద్దు."

బళ్లు వెళ్లిపోయాయి. అప్పలలక్ష్మి మెట్ల మీద కూలబడింది. "అయిపోనాది. మా గుంట హైమ సీటు పొగలో కలిసిపోనాది," అంది. బాబాయ్ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం పొద్దున నేను చిలక తీసుకుని వెళ్లేసరికి ఆయన బల్ల గేటు దగ్గర లేదు. ఇంట్లో, మంచం పక్కన ఉంది. బాబాయ్ గొంతు సవరించుకుని, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి నేరుగా కోడలితో అన్నాడు: "అమ్మా రోజా, నా కళ్లజోడు మసకగా ఉంది. ఈ కాయితం నువ్వోసారి సూడమ్మా."

"కళ్లజోడుకేటి?" అంది నారాయణమ్మ పిన్ని వంటింట్లోంచి. "మసక నీకే."

రోజా నవ్వలేదు. పీట తెచ్చుకుని మామగారి కంటే కాస్త కింద కూర్చుంది. అక్కడే ఆ అమ్మాయి నాకు నచ్చేసింది.

"ఆ ఆఫీసరుకి ఇట్లాంటి కాయితాలు ఎన్ని వస్తయి మామయ్యా?"

"గుట్టలు."

"మరి ఒక్కోటి ఎంతవరకు చదువుతడు?"

"సగం దాకా," అన్నాను నేను. అనుభవం నాది కదా.

"అయితే కావలసింది సగానికి ముందే చెప్పాలె. అప్పలలక్ష్మక్క బిచ్చం అడుక్కుంటుందా?"

"ఛ! పదిహేనేళ్ల సర్వీసు."

"మరి 'ఐ బెగ్' ఎందుకు? 'ఐ రిక్వెస్ట్' అందాం. అడుగుతున్న అని. మర్యాదకి అది చాలు."

బాబాయ్ కలం తీశాడు, రాసేదే. 'బెగ్' కొట్టేశాడు. వెంట్రుక పీకినట్టు ముఖం పెట్టాడు.

"ఈ 'యువర్ గుడ్‌సెల్ఫ్' అంటే ఏంది? ఆయన మంచితనాన్ని విడిగా పిలుస్తున్నమా? 'యూ' అంటే సరిపోతది."

"ఆఫీసర్ని పట్టుకుని 'నువ్వు' అనీమంటావా?"

"ఇంగ్లీషుల అందరికీ ఒక్కటే 'యూ' మామయ్యా. రాజుకీ అదే, రిక్షా ఆయనకీ అదే."

"అందుకే మరి! ఆ బాసకి ఇన్ని దండాలు మనమే కలుపుకోవలసొచ్చింది," అన్నాడు బాబాయ్. రోజా ఈసారి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. ఆయన మీసం కింద కూడా ఏదో కదిలింది. ఆ తర్వాత పని చకచకా సాగింది.

'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' దగ్గర మాత్రం మళ్లీ బండి ఆగింది. అది లేకుండా దరఖాస్తు ముగించడం తలుపెయ్యకుండా ఇల్లు వదిలి వెళ్లడమేనని బాబాయ్ వాదన.

"చేయవలసింది చేయమంటే, ఏం చేయాలో ఆయనకెట్ల తెలుస్తది? మనమే చెప్పాలె గద. జనవరి ఒకటి నుంచి భవానీపూర్ వార్డుకి మార్చండి అని. తేదీ, వార్డు. అదే నీడ్‌ఫుల్."

బాబాయ్ కలంతో ఆ పంక్తి కొట్టేశాడు. "యాభై ఏళ్లు," అన్నాడు మెల్లిగా. "ఎవుడికేటి కావాలో వాడినే ఊహించుకోమన్నాను."

టైపు కొట్టాక చూస్తే ఏడు పంక్తులు. కింద కాయితమంతా తెల్లగా ఉంది. ఆ తెలుపు చూసి నాకే భయమేసింది. సంతకానికి వచ్చిన అప్పలలక్ష్మికైతే కళ్లు తిరిగాయి.

"ఇదేటి బాబాయ్, కరెంటు బిల్లా?"

"దరఖాస్తేనే."

"ఇంతేనా? ఇంత ఖాళీ పెట్టి ఇస్తే ఆ బాబు ఏటనుకుంటాడు? సుట్టాన్ని పిలిసి ఖాళీ కంచం ఎట్టినట్టుండదా? జ్వరం తీసీసినావు, సరే. దండాలూ తీసీసినావు. దీవెనా నేదు. కోడలొచ్చి నిన్ను పిసినారిని సేసింది బాబాయ్!" అని గబగబా కళ్లు తుడుచుకుంది. "నాను సంతకం పెట్టను. పెద్దది కొట్టు."

బాబాయ్ చెయ్యి అప్పుడే పాత కార్బన్ కాపీ ఉన్న సొరుగు వైపు పోయింది. నేను చూశాను. రోజా కూడా చూసినట్టుంది. కాయితం తన చేతిలోకి తీసుకుని, "సంతకం పెట్టకున్నా మంచిదే అక్కా, ఒకసారి వినుండ్రి," అని, దాన్ని తెలుగులో చదవడం మొదలుపెట్టింది.

"నేను పదిహేనేళ్లుగా వీధులు ఊడుస్తున్నాను. ఇప్పుడు జోకా వైపు వార్డులో నా పని. మా అమ్మాయి హైమకి భవానీపూర్ బడిలో ఐదో తరగతి సీటు వచ్చింది. జనవరి రెండు నుంచి రోజూ పొద్దున ఆరున్నరకి తనని బడిలో దింపాలి. ఇంట్లో దింపేవాళ్లు ఇంకెవరూ లేరు. జనవరి ఒకటి నుంచి నన్ను భవానీపూర్ వార్డుకి మార్చమని కోరుతున్నాను. మీకు కృతజ్ఞతలు."

చెబితే నమ్మరు గానీ, యాభై ఏళ్లలో ఆ బల్ల మీద పుట్టిన దరఖాస్తుని దాని సొంతదారుకి ఎవరైనా తెలుగులో చదివి వినిపించడం అదే మొదలు. మాలో ఎవరం అడగలేదు, బాబాయ్‌కి తోచలేదు. మంత్రాన్ని ఎవరైనా అర్థం చెప్పమంటారా?

"ఇందులో మా గుంట పేరుందా?" అంది అప్పలలక్ష్మి.

రోజా వేలు పెట్టి చూపించింది.

"ముందల దాన్లో?"

"నేదమ్మా," అన్నాడు బాబాయ్. "సోటు సాల్లేదు."

అప్పలలక్ష్మి ముందుకి వంగి ఆ ఇంగ్లీషు అక్షరాల మీద ఊదినట్టుగా చూసింది. తర్వాత నింపాదిగా, "అయితే మరి ఆ రామ్‌దయాళ్ ముసలాయన సంగతి కూడా రాసీయండి," అంది.

"ఆయనెవరు?"

"భవానీపూర్లో ఆ బడి వెనకాల సందులు ఊడిసేవోడే. ఈ ముప్పై ఒకటిన రిటైరు. ఆడి సోటు ఖాళీ. అక్కడికి ఇంకా ఎవుల్నీ ఎయ్యనేదు."

రోజా, నేను, బాబాయ్ ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

"ఒసే, ఇది ముందే సెప్పొచ్చు కదే!"

"ఎవులడిగినారు? జ్వరం ఎన్ని రోజులని అడిగినావు, సెప్పినాను."

ఎనిమిదో పంక్తి చేరింది. కొత్త కాయితం మిషను మీదకెక్కింది. అంతా అయ్యాక బాబాయ్ ఆగి, వేళ్లు విరుచుకుని, కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క పంక్తి. ఒక్కటే. నాకోసం."

"ఏం పంక్తి మామయ్యా?"

జవాబుగా టకటకా కొట్టాడు. రోజా వంగి చదివింది. 'ఐ డూ నాట్ హావ్ ఎ ఫీవర్.' నాకు జ్వరం లేదు.

అనవసరమైన మాట కనబడితే అన్నం సహించని పిల్ల కదా, కొట్టేస్తుందనే అనుకున్నాను. పెన్సిలు కూడా ఎత్తింది. మళ్లీ దించేసింది. "ఇది ఉండాల్సిందే," అంది. "జ్వరం ఎవరికని ఆఫీసరు అడిగిండు గద, దానికి జవాబు."

బాబాయ్ వంటింటి వైపు తిరిగి, "ఏయ్, రెండు కప్పుల టీ. నాకూ, రోజాకీ," అన్నాడు. నన్ను మరిచిపోయాడు. పరవాలేదు.

సోమవారం పదింటికి, అప్పలలక్ష్మి సంతకం పెట్టిన కాయితంతో, ఆవిడా బాబాయ్ నేనూ వార్డు ఆఫీసులో ఉన్నాం. సామంత బాబు టీ మట్టికప్పు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కాయితం అందుకున్నాడు. ఒక గుక్క తాగేలోపల చదవడం అయిపోయింది. రామ్‌దయాళ్ పేరు దగ్గర ఒక గుమాస్తాని పిలిచి రిజిస్టరు తెప్పించి, ఖాళీ నిజమేనని చూసుకున్నాడు. చివరి పంక్తి దగ్గర టీ పొలమారింది. కాయితం పట్టుకుని పక్క గదిలోకి పరుగెత్తాడు. "జ్వర్ నేయీ! జ్వర్ నేయీ!" అని, జ్వరం లేదట, జ్వరం లేదట అని, లోపలి నుంచి నలుగురి నవ్వులు వినబడ్డాయి. తిరిగొచ్చి మా ఎదురుగానే అప్పలలక్ష్మి పేరు జాబితాలో ఎక్కించాడు.

"ఎవరు రాశారు దాదా ఇది?"

బాబాయ్ జేబులోని రెండు కలాలూ సర్దుకున్నాడు. "మా ఆఫీసులో కొత్తగా ఒక అమ్మాయి చేరింది సార్," అన్నాడు.

జనవరి రెండున, చీకటి విడకముందే, మేమంతా గేటు దగ్గర మూగాం. హైమ తెల్ల గౌను మీద చలికోటు, దాని మీద మఫ్లరు, ఆ మఫ్లరు మీద దుర్గాంబ చుట్టిన ఇంకో మఫ్లరు. ముక్కు మాత్రం కనబడుతోంది. "బేగి నడు, ముసలాయన సందు మనకోసం సూస్తంది," అని అప్పలలక్ష్మి పిల్లని లాక్కుపోయింది. ఏడింటికి ఫోను చేసింది. బడి గేటులోకి పంపేసిందట, అదే గేటు ముందు ఊడుస్తోందట, లోపల పిల్లలు పాడే ప్రార్థన వినబడుతోందట. ఇంత చెప్పి, "మా గుంట గొంతు అందర్లోకీ పెద్దది," అంది. ఆ పాట మాకూ వినిపించాలని ఫోను పైకెత్తి పట్టుకుంది. మాకు చీపురు చప్పుడే వినబడింది.

ఇక్కడితో కథ కంచికి వెళ్లాలి. కానీ మా క్వార్టర్లు మీకు తెలియవు.

మర్నాడు సాయంత్రం బాబాయ్ బల్ల ముందు ఆరుగురు నిలబడ్డారు. ముందున్న మేరీరాణికి వీధి దీపం కావాలి. బాబాయ్ ఆరు పంక్తుల్లో కొట్టి, తెలుగులో చదివి వినిపించాడు. ఇప్పుడది నియమం, చదివి వినిపించందే సంతకం లేదు. ఆవిడ అంతా విని, తలూపి, "అంతా బాగున్నాది గాని బాబాయ్, జ్వరం నేదన్న ముక్క ఏది?" అంది.

"దీపానికి జ్వరం ఎందుకే?"

"అప్పలచ్చిమికి ఏసినావు కదా, పని అయినాది కదా! నాకు మాత్రం తీసేస్తావేటి?"

వెనక ఐదుగురూ అవునన్నారు. శనివారం వచ్చిన రోజా ఆ వారం కాపీలన్నీ తిరగేసింది. అన్నింటి చివరా ఒకటే పంక్తి. కుళాయికి జ్వరం లేదు, రేషను కార్డుకి జ్వరం లేదు. ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"మామయ్యా! గిదేంది?"

"కుదిరిన పులుసమ్మా," అన్నాడు బాబాయ్, ఆమె కళ్లలోకి చూడకుండా. తర్వాత బతిమాలే గొంతుతో, "పంక్తి చిన్నదే కదా. గ్రామరు తప్పు కూడా లేదు. నువ్వే చూసినావు," అన్నాడు.

ఆ అమ్మాయి పెన్సిలు చెవి వెనక పెట్టేసుకుంది.

మొన్న నేనూ వెళ్లాను. మా పెళ్లయి పాతికేళ్లు. సువర్ణని తీసుకుని పలాస వెళ్లిరావాలి, నాలుగు రోజులు సెలవు కావాలి. నాలుగే పంక్తులు, మొదటి పంక్తిలోనే పెళ్లిరోజు. నేను సంతకం పెట్టబోతుంటే పక్కన నిలబడ్డ సువర్ణ కాయితం లాక్కుంది.

"మామయ్యగారూ, ఆ పంక్తి కూడా వెయ్యండి. ఈయన ఆఫీసు వాళ్లకి పాతికేళ్లుగా ఒక అనుమానం ఉండిపోయింది."

వేశాడు. సెలవు ఆ మధ్యాహ్నమే మంజూరయింది. మా ఆఫీసరు ఆ పంక్తి కింద ఎర్ర సిరాతో 'సంతోషం' అని కూడా రాశాడు. పలాసలో నాలుగు రోజులు హాయిగా గడిపి తిరిగొచ్చాం. ఆ ఆదివారం మా ఇంటికి ఎవరూ బత్తాయిలు తేలేదు. సువర్ణకి అదొక్కటే వెలితి.